ఫాల్గుణంలో నల్లమల పూలు: విజయవాడ, గుంటూరు వారికి రెండు రోజుల ప్రయాణ పద్ధతి

మన ప్రాంతంలో వసంతకాలపు అడవి పూలు చూడాలనుకునేవారు చాలామంది ఉగాది దాటాక బయలుదేరతారు. పంచాంగం ప్రకారం చైత్రంతోనే వసంత ఋతువు మొదలవుతుంది కాబట్టి ఆ ఆలోచన సహజమే. మేము కూడా మొదటిసారి అలాగే, ఉగాది వెళ్లిన రెండో వారంలో, పదకొండు మందిమి గుంటూరు నుంచి నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లే దోర్నాల దారి పట్టాము. తీరా వెళ్లి చూస్తే మోదుగ చెట్ల నిండా పూలకు బదులు చదునైన కాయలు వేలాడుతున్నాయి. రోడ్డు అంచున ఎండి నల్లబడిన రేకులు తప్ప మరేమీ మిగలలేదు. అంత దూరం వచ్చి కొమ్మలు చూసి తిరిగి వెళ్లామని పిల్లలు దారి పొడుగునా బాధపడ్డారు. ఈ రాతలో అన్నిటికంటే ముందు తేదీ గురించి చెప్పడానికి కారణం అదే. బండి, గది, భోజనం ఎంత బాగా కుదిరినా తేదీ తప్పితే పూలు దొరకవు.

నల్లమల ఆకు రాల్చే అడవి. మాఘ మాసం గడిచేసరికి చెట్లు ఆకులు దులిపేసి మోడుల్లా నిలబడతాయి. మోదుగ, బూరుగ, కొండగోగు వంటివి సరిగ్గా ఆ సమయంలోనే పూస్తాయి. ఆకుల అడ్డు లేని కొమ్మ మీద పువ్వు పక్షులకు దూరం నుంచే కనిపిస్తుంది. పైగా పూత ముందే ముగిస్తే ఎండాకాలంలో కాయ ముదిరి, ఎండి, తొలకరి నాటికి గింజ నేలకు చేరుతుంది. అందువల్ల అడవికి వసంతం ఫాల్గుణంలోనే వచ్చి వెళుతుంది, అంటే ఇంచుమించు ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి మూడో వారం వరకు. ఇంకో మాట కూడా మొదటే చెప్పాలి. విదేశాల ఫోటోల్లో కనిపించేలా నేల మీద తివాచీ పరిచినట్టు పూలు ఉంటాయని ఆశించి వెళ్లకూడదు. ఈ కాలంలో మన అడవిలో పూలు తల ఎత్తి చూడవలసిన ఎత్తులో, చెట్ల మీద ఉంటాయి.

ఇక వారం ఎంచుకోవడం. శ్రీశైలంలో శివరాత్రి బ్రహ్మోత్సవాలు 11 రోజులు జరుగుతాయి; ఆ రోజుల్లో ఘాట్ రోడ్డు మీద బండ్ల బారులు, నడిచి వచ్చే శివస్వాములు, దొరకని గదులు అందరికీ తెలిసినవే. ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి భక్తులు వేల సంఖ్యలో వస్తారు. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి, ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి కాబట్టి ఈ రెండింటి మధ్య దాదాపు ఒక నెల ఉంటుంది, అంటే నాలుగు శని ఆదివారాలు. మొదటిది శివరాత్రి తిరుగు ప్రయాణాల రద్దీలో, చివరిది ఉగాది రద్దీలో పోతాయి. మిగిలే రెండు వారాలు హోలీ పున్నమికి అటూ ఇటూ ఉంటాయి. మీ ప్రయాణం ఆ రెండింటిలో ఒకటి కావాలి. అయితే కొన్ని సంవత్సరాల్లో శివరాత్రే మార్చిలోకి జరిగి వస్తుంది. అటువంటప్పుడు హోలీ దాకా ఆగితే మోదుగ చాలావరకు రాలిపోతుంది కాబట్టి, బ్రహ్మోత్సవాలు మొదలు కాకముందే, ఫిబ్రవరి నెలాఖరుకు ముందు వారంలో వెళ్లి రావడం మంచిది. ఏ సంవత్సరమైనా బయలుదేరడానికి పది రోజుల ముందు ఆ దారిలో తిరిగే లారీ డ్రైవరునో, దోర్నాలలో టీ కొట్టు నడిపేవారినో ఒక మాట అడిగితే చెట్టు ఏ దశలో ఉందో తెలిసిపోతుంది. ఫోను చేసి అడిగితే ఎవరూ విసుక్కోరు. “ఇంకా మొగ్గలేనండీ, వచ్చే వారం రండి” అని వారు చెప్పిన మాట మాకు రెండుసార్లు అక్షరాలా నిజమైంది.

బృందం పది, పన్నెండు మందికి మించకుండా చూసుకోవాలి. రెండు మూడు కార్లలో వెళ్లడం కంటే డ్రైవరుతో సహా ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకోవడం మేలని నా అభిప్రాయం. సొంత కారు నడిపేవారికి ఘాట్‌లో రోడ్డు తప్ప పువ్వు కనిపించదు. ఒక కారు ఆగితే మరో కారు ముందుకు పోయి, సిగ్నల్ లేనిచోట ఒకరి కోసం ఒకరు వెతుక్కోవలసి వస్తుంది. ఒకే బండిలో ఉంటే ఒకరు “అదిగో కొండగోగు” అనగానే అందరూ చూస్తారు. పసుపు నంబరు ప్లేటు ఉన్న బండినే మాట్లాడుకోండి. తెల్ల ప్లేటు సొంత బండ్లను కిరాయికి తిప్పడం చట్టానికి విరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు వస్తుంది. నేను చెప్పబోయే దారి మొత్తం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంటుంది కాబట్టి తెలంగాణ పర్మిట్ అవసరం రాదు. డ్రైవరు శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగిన అనుభవం ఉన్నవాడై ఉండాలి. “మేము పూల కోసం వెళ్తున్నాం, చెప్పినచోట నెమ్మదించాలి, తొందర లేదు” అని అతనికి కిరాయి మాట్లాడేటప్పుడే చెప్పాలి. ఈ మాట ముందు చెప్పకపోతే గంటలో దాటించేయడమే తన పని అనుకుంటాడు.

డబ్బు విషయం త్వరగా తేల్చుకోవచ్చు. మనిషికి ఇంత అని ముందే పోగుచేసి, లెక్క ఒకరి చేతిలో పెట్టి, కొంత నోట్లుగా ఉంచుకోండి. అడవిలో ఫోన్‌పే పనిచేయదు. శ్రీశైలంలో దేవస్థానం వసతి గృహాలు, పర్యాటక సంస్థ హరిత హోటల్, కులాలవారీ సత్రాలు ఉన్నాయి. శని, ఆదివారాల్లో అప్పటికప్పుడు వెళ్లి గది అడగడం వృథా, నెల ముందే తీసుకోవాలి.

మొదటి రోజు ప్రయాణం తెల్లవారుజామున మొదలవ్వాలి. విజయవాడ వారు బెంజి సర్కిల్ దగ్గర 4.30కు ఎక్కితే, గుంటూరు వారిని చుట్టుగుంట సెంటర్లో 5.30కు ఎక్కించుకోవచ్చు. ఇది మిర్చి యార్డు రద్దీగా ఉండే కాలం. పొద్దెక్కాక అటు వెళితే మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకొచ్చిన లారీలు, ట్రాక్టర్ల మధ్య అరగంట పోతుంది. గుంటూరు నుంచి శ్రీశైలం సుమారు 220 కిలోమీటర్లు: నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, దోర్నాల మీదుగా వెళతాము. నరసరావుపేటలో టిఫిన్, అందులోనూ ఇడ్లీ మాత్రమే. పూరీలు, నెయ్యి కారం దోసెలు తిని ఘాట్ ఎక్కినవారు మలుపుల్లో వాంతులతో ఇబ్బంది పడటం ప్రతిసారీ చూశాను. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవారికి ముందు సీటు ఇచ్చి, దోర్నాలకు అరగంట ముందే మాత్ర వేయించండి.

వినుకొండ వైపు వెళ్లేటప్పుడు పల్నాడు పొలాల్లో కళ్లాల మీద ఆరబోసిన మిరప పండ్లు కనిపిస్తాయి. పొద్దుటి ఎండలో ఎకరం పొడుగునా ఎర్రగా పరుచుకున్న ఆ కళ్లం పూల జాబితాలోకి రాదు కానీ, అక్కడ రెండు నిమిషాలు ఆగినందుకు ఎవరూ నొచ్చుకోరు. త్రిపురాంతకం దాటినప్పటి నుంచి కిటికీల వైపు కూర్చున్నవారు చూస్తూ ఉండాలి. మొదటి మోదుగలు అక్కడే, బీడు పొలాల గట్ల మీద, కొండల మొదళ్లలో ఒంటరిగా కనిపించడం మొదలవుతుంది.

అభయారణ్యంలోకి వెళ్లకముందే బయట రోడ్డు పక్కన ఒక మోదుగ చెట్టు కింద బండి ఆపించి, దిగి, తీరికగా చూడమని నా విన్నపం. ఎందుకంటే అడవి లోపల ఇష్టమొచ్చినచోట దిగడానికి వీలుండదు. చెట్టు కింద రాలిన పువ్వు ఒకటి తీసి అరచేతిలో పెట్టుకోండి. అడుగున ముదురు రంగు దొన్నె ఉంటుంది, వేలితో రాస్తే మఖమలు గుడ్డలా తగులుతుంది. దానిలోంచి నారింజ రంగు రేకులు ఐదు వస్తాయి. వాటిలో ఒకటి వెడల్పుగా వెనక్కి వంగి ఉంటుంది, లోపలిది చిలుక ముక్కులా కొనదేలి వంకర తిరిగి ఉంటుంది. సంస్కృతంలో దీనిని కింశుకం, అంటే “ఇది చిలుకా ఏమి?” అన్నారు. పువ్వు చేతిలో ఉన్నప్పుడు ఆ పేరు పిల్లలకు చెబితే మళ్లీ మరిచిపోరు. రేకులను ఎండకు ఎదురుగా పట్టుకుంటే వాటి మీద వెండి నూగు మెరుస్తుంది. వాసన మాత్రం ఉండదు. ఈ పువ్వుల పుప్పొడిని మోసేది గాలి కాదు, పక్షులు. తలెత్తి చూస్తే గోరింకలు, తేనెపిట్టలు, రామచిలుకలు కొమ్మకొమ్మకూ తిరుగుతూ తేనె కోసం ముక్కులు దూర్చడం కనిపిస్తుంది. మధ్యాహ్న భోజనానికి పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే తెచ్చుకుని, మోదుగాకు విస్తళ్లు కూడా వెంట ఉంచుకుంటే, తాము తింటున్న ఆకు ఏ చెట్టుదో అందరికీ తెలుస్తుంది. మూడేసి ఆకులు ఒకే కాడకు ఉండటం మోదుగ గుర్తు.

మిగిలిన పూల గుర్తులు కూడా బండిలోనే చెప్పుకుంటూ వెళ్లాలి. బూరుగ చాలా ఎత్తైన చెట్టు. కొమ్మలు అంతస్తులుగా అడ్డంగా సాగుతాయి, లేత మానుకు మొద్దు ముళ్లు ఉంటాయి. ఎర్రని గిన్నెలాంటి పువ్వు, ఐదు దళసరి రేకులు. అది రేకులుగా విడిపోకుండా పువ్వు పువ్వుగానే దప్పున నేల మీద పడుతుంది, ఆ చప్పుడు నిశ్శబ్దంలో స్పష్టంగా వినిపిస్తుంది. రాలిన పూలను జింకలు తింటాయి. కొండగోగు చిన్న చెట్టు, రాళ్ల గుట్టల మీద ఉంటుంది. ఆకు ఒక్కటీ లేని వంకర కొమ్మల చివర అరచేతి వెడల్పున నిగనిగలాడే పసుపు పూలు పూస్తాయి. నల్లమలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పువ్వు ఇదే. మోదుగ ఎరుపు అందరినీ పిలుస్తుంది, కొండగోగును మాత్రం రాళ్ల మధ్య వెతికి పట్టుకోవాలి. వాగుల పక్కన తెల్లని సన్న రేకులు వెనక్కి చుట్టుకున్న సువాసన గల పూలు కనిపిస్తే అది ఊడుగ. తంగేడు దారి పొడుగునా ఉంటుంది, చెప్పనక్కర లేదు. ఇప్ప, రేల మీ ప్రయాణానికి ఇంకా తయారుకావు. ఇప్ప పూత చైత్రానికి, రేల బంగారు గుత్తులు ఎండలు ముదిరాక వస్తాయి.

దోర్నాలలో మూడు పనులు తప్పక చేయాలి. బండికి ఆయిల్ కొట్టించాలి. ఆడవారు, పెద్దవారు బాత్రూం అవసరాలు అక్కడే తీర్చుకోవాలి. ఇళ్లకు ఫోన్లు చేసి చెప్పాలి, ఎందుకంటే ఆ తర్వాత దాదాపు 50 కిలోమీటర్లు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆడవారి ఇబ్బంది గురించి నిర్వాహకులు ముందుగా ఆలోచించకపోవడం చాలా బృందాల్లో చూశాను. ఎవరూ నోరు తెరిచి అడగరు, నీళ్లు తాగడం మానేస్తారు, సాయంత్రానికి తలనొప్పితో పడుకుంటారు. అందుకే నరసరావుపేట, వినుకొండ, దోర్నాల అని ఆగే చోట్లు ముందే ప్రకటించండి. అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది కాబట్టి మొదటి రోజు ఆలస్యమైనా చీకటి పడకముందే గేటు దాటేలా చూసుకోవాలి. గేటు దగ్గర బండికి రుసుము కట్టి, ప్లాస్టిక్ సీసాలు, కవర్లు లేకుండా వెళ్లాలి. తాగునీరు 20 లీటర్ల క్యానులో, మజ్జిగ స్టీలు క్యానులో పెట్టుకుని, స్టీలు గ్లాసులు తెచ్చుకుంటే సీసాల అవసరమే ఉండదు.

ఇది పులుల అభయారణ్యం. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల రక్షిత ప్రాంతం 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇక్కడ వర్తిస్తుంది కాబట్టి పువ్వు, కాయ, రాయి ఏదీ బయటకు తీసుకురాకూడదు. బండి దిగి చెట్లలోకి నడవకూడదు. తుమ్మలబైలు, శ్రీశైల శిఖరం వంటి అనుమతి ఉన్నచోట్ల మాత్రమే ఆగాలి. లోపలి అడవి చూడాలనే కోరిక ఉంటే తుమ్మలబైలులో అటవీ శాఖ వారి సఫారీ ఉంది, దానిలో వెళ్లండి. అన్నిటికీ మించి నిప్పు. పూలు పూసే నెలలే అడవి తగలబడే నెలలు కూడా. మోకాలి మందాన ఎండుటాకులు పరుచుకుని ఉంటాయి, ఒక్క సిగరెట్టు ముక్క చాలు. బృందంలో పొగ తాగేవారు ఉంటే అగ్గిపెట్టె, లైటరు దోర్నాలలోనే తీసుకుని శ్రీశైలంలో తిరిగి ఇవ్వండి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. కోతులకు అరటిపండు, బిస్కెట్టు విసరకండి, వాటి కోసం రోడ్డు మీదికి దూకి బండ్ల కింద పడుతున్నాయి. చెంచు గూడేల దగ్గర మనుషులను అడగకుండా ఫోటోలు తీయవద్దు. తేనె కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనుక్కోవచ్చు.

దూలగొండి గురించి కూడా హెచ్చరించాలి. ఈ కాలంలో తీగల మీద గోధుమ రంగు నూగుతో చింతకాయంత కాయలు గుత్తులుగా వేలాడుతుంటాయి, చూడటానికి అందంగా ఉండి పిల్లలు చెయ్యి వేస్తారు. ఆ నూగు తగిలితే భరించలేని దురద. గోకకుండా, రుద్దకుండా అంటుకునే టేపుతో నూగును తీసివేసి, తర్వాత చల్లని నీళ్లతో కడగాలి. టేపు చుట్ట ఒకటి మందుల పెట్టెలో ఓఆర్ఎస్ పొట్లాలతో పాటు పెట్టుకోండి.

మధ్యాహ్నానికి శ్రీశైలం చేరి, సాయంత్రం దర్శనం చేసుకుని, త్వరగా పడుకోవాలి. రాత్రి శ్రీశైలంలో ఉండడానికి భక్తి ఒక కారణమైతే, రెండో రోజు తెల్లవారుజాము మరో కారణం. ఉదయం 6 గంటలకు గేటు తెరుస్తూనే దిగువకు బయలుదేరితే రోడ్డు ఆగ్నేయంగా సాగుతుంది, సూర్యుడు ఎదురుగా లేస్తాడు. ఎదురెండ పూల వెనుక నుంచి పడి మోదుగ రేకులు వెలుగుతాయి, ముందు రోజు మధ్యాహ్నం మాసినట్టు కనిపించిన అదే లోయ నారింజ మంటలా మారుతుంది. ఫోటో తీసేవారు ఆ గంటన్నరలోనే తీసుకోవాలి. 9 దాటితే వెలుతురు తెల్లబడి, పక్షులు కూడా నీడకు చేరతాయి. శిఖరం దగ్గర అర్ధగంట ఆగండి, అక్కడి నుంచి కొండ వాలులు బాగా కనిపిస్తాయి. ఆ కాసేపు పాటలు ఆపి, కిటికీలు తెరిచి, మాటలు తగ్గించమని బృందానికి చెప్పండి. మా ప్రయాణాల్లో ఎనభై దాటిన మా పెద్దమ్మ ఒకసారి బూరుగ పువ్వు పడిన చప్పుడు విని “ఏమిటే అది?” అని అడిగింది. వెనక సీట్లో పాటలు మోగుతుంటే అది వినిపించేదే కాదు.

తిరుగు ప్రయాణం వచ్చిన దారినే కాకుండా, దోర్నాలలో టిఫిన్ చేసి ఎర్రగొండపాలెం, మాచర్ల మీదుగా పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి. నల్లమల అంచునే వెళ్లే ఆ దారిలో ట్రాఫిక్ తక్కువ, రాళ్ల గుట్టలు ఎక్కువ, కాబట్టి మొదటి రోజు కొండగోగు కనిపించనివారికి మరో అవకాశం దొరుకుతుంది. మాచర్లలో భోజనం. పిల్లలు ఉంటే అక్కడి నుంచి సాగర్ దారిలో ఎత్తిపోతల జలపాతం చూసి రావచ్చు. పెద్దవారు అలసిపోతే అది వదిలేసి నేరుగా పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు చేరండి. విజయవాడ నుంచి లెక్కేస్తే మొత్తం చుట్టు 500 కిలోమీటర్లు దాటుతుంది, కాబట్టి రెండో రోజు కొత్త చోట్లు చేర్చకూడదు. “ఎలాగూ వచ్చాం కదా” అని సాగర్ లాంచీ, నాగార్జునకొండ కూడా కలుపుకున్న బృందం చీకట్లో పిడుగురాళ్ల లారీల మధ్య తిరిగి రావలసి వస్తుంది.

హోలీ రంగు చేయాలనుకునేవారు అడవిలోంచి కాకుండా, తిరిగి వచ్చేటప్పుడు ఊళ్ల పక్కన పొలం గట్ల మీద రాలిన మోదుగ పూలను, పొలం వారిని అడిగి, గుడ్డ సంచిలో ఏరుకోండి. నీడన ఆరబెట్టి, రెండు దోసిళ్ల పూలను వేడి నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడగడితే పసుపు, నారింజ మధ్య రంగు దిగుతుంది.

బండిలో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టి, ఏ చెట్టు ఎక్కడ ఏ తేదీన ఏ దశలో ఉందో ఒకరి చేత రాయించండి: త్రిపురాంతకం దాటాక కుడివైపు చెరువు గట్టు మోదుగ, సగం మొగ్గ, శిఖరం కింద మూడో మలుపు బూరుగ, పూర్తిగా విచ్చింది. వచ్చే మాఘంలో గది తీసుకునే ముందు ఆ పుస్తకం తెరిచి, తిథితో పాటు ఇంగ్లీషు తేదీని కూడా పోల్చి చూసుకుని, వారం ఖాయం చేసుకోవచ్చు.